దేవుడి అలమరలో పాస్‌పోర్టు

మామ్మగారి కాఫీలో పంచదార తక్కువైందన్న కబురు ఆ మంగళవారం పొద్దున వంటింటికి చేరేసరికి కాఫీ కాస్తా చల్లారిపోయింది.

మామూలు రోజుల్లో అది క్షణం పని. మామ్మగారు తనని కనిపెట్టుకుని ఉండే సరోజనతో అంటారు. సరోజన వంటింట్లోకి వచ్చి మా పిన్నితో అంటుంది. పిన్ని పంచదార డబ్బా అందిస్తూ, పొద్దుటి మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కోమని తిరుగు టపా పంపుతుంది. టొరంటో శివారు స్కార్‌బరోలోని ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలన్నీ అలాగే నడుస్తాయి. ఒకే సోఫాలో కూర్చుని ఒకే సీరియల్ చూస్తూ కూడా ఇద్దరూ సరోజన వైపు తిరిగే మాట్లాడతారు.

ఎందుకలా అని మా పిన్ని కమలకుమారిని ఒకసారి అడిగాను. అదంతా పాత కథలే అంది. మామ్మగారిని అడిగితే, "దాన్నే అడుగు" అన్నారు. నాకున్న పెద్ద జబ్బు ఇదే. ఎవరు ఎందుకు ఏమంటున్నారో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు.

ఇప్పుడు పిన్ని సరోజనతో కూడా మాట మానేసింది. దాంతో టపా మొత్తం నా నెత్తిన పడింది.

"చాందినీ, కాఫీలో పంచదార లేదని మీ పిన్నికి చెప్పు" అన్నారు మామ్మగారు, పిన్ని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండగానే.

చెప్పాను. డాక్టరు తగ్గించమన్నాడని మీ మామ్మగారికి చెప్పు అంది పిన్ని. అదీ చెప్పాను. సరోజన మాత్రం సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ, ఎవరి వైపూ చూడకుండా, తన పని తాను చేసుకుంటోంది.

శుక్రవారం సాయంత్రం సరోజన తన పాస్‌పోర్టు ఇమ్మని అడిగిన దగ్గర్నుంచీ ఇదే వరస. కాల్గరీలో పెద్దవాళ్ళ కేర్ హోమ్‌లో పని దొరికిందట. ఓపెన్ వర్క్ పర్మిట్ వచ్చింది కాబట్టి ఎక్కడైనా చేసుకోవచ్చట. వచ్చే మంగళవారానికి ఫ్లైట్ టికెట్ కూడా తీసేసుకుంది. విమానం ఎక్కాలంటే చూపించడానికి ఆమె దగ్గర ఆ పాస్‌పోర్టు తప్ప ఇంకేమీ లేదు.

పిన్ని కాదనలేదు. "ఇస్తాలే, తొందరేముంది" అంది. కాదంటే పోట్లాడొచ్చు. ఇస్తానన్న మనిషితో ఎలా పోట్లాడతాం?

ఆ ఇంట్లో పాస్‌పోర్టులన్నీ దేవుడి అలమరలో ఉంటాయి. లక్ష్మీదేవి పటం కింద, ఎర్ర జాకెట్టుగుడ్డలో చుట్టి. బాబాయిది, పిన్నిది, మాంట్రియల్లో చదువుకుంటున్న వాళ్ళమ్మాయి రిషితది, సరోజనది, చివరికి నాది కూడా. నేను దిగిన రోజే పిన్ని నా పాస్‌పోర్టు తీసుకుని, ఓ మూల కుంకుమబొట్టు పెట్టి అందులో పెట్టేసింది. కళ్ళకద్దుకుని మరీ పెట్టింది. అలమర తాళంచెవి మాత్రం మామ్మగారి మొలలో ఉంటుంది.

అందుకని సరోజన అడిగితే, తాళంచెవి అత్తగారి దగ్గరుందని పిన్ని అంటుంది. మామ్మగారిని అడిగితే, ఇంటావిడ చెప్పకుండా నేనెలా తీస్తానని ఆవిడంటారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే తేలిపోయే విషయమే. కానీ వాళ్ళ మధ్య మాట మోసే మనిషే ఇప్పుడు గుమ్మంలో చేయి చాచి నిలబడింది.

మా బాబాయి విశ్వేశ్వరరావుని అడిగాను. ఆయన లాప్‌టాప్ ముందు చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మీటింగ్‌లో ఉన్నానని చేత్తో సైగ చేశాడు. తెర మీద క్రికెట్ స్కోరు కనిపిస్తూనే ఉంది.

*

నేను చదివేది పారాలీగల్ కోర్సు. అద్దె తగాదాల బోర్డుల్లోనూ, చిన్న కేసుల కోర్టుల్లోనూ జనం తరఫున వాదించడానికి పనికొచ్చే చదువు. మా క్లాసులో సగం మంది నాలా ఇండియా నుంచి వచ్చినవాళ్ళే. చాలామంది రాత్రి షిఫ్టు నుంచి సరాసరి వచ్చి, వెనక బెంచీల్లో కళ్ళు తెరిచి నిద్రపోతారు.

ఆ రోజు కాంప్‌బెల్ మేడమ్ లోపలికి రాగానే, ఇవాళేం రోజు అని అడిగారు. ఆవిడ మాకు వాదన ఎలా చేయాలో నేర్పుతారు. నల్లజాతి ఆవిడ. నోవా స్కోషియాలో పుట్టి పెరిగారు. నవ్వితే గది అవతలికి వినపడుతుంది.

మంగళవారం అన్నారొకరు. ఆగస్టు ఒకటి అన్నారింకొకరు. పెట్రోలు బంకులో పనిచేసే కరీంనగర్ శ్రీరామ్, లాంగ్ వీకెండ్ ఇంకా రాని రోజు అన్నాడు. మేడమ్ పెద్దగా నవ్వి, బోర్డు మీద రాశారు. ఎమాన్సిపేషన్ డే, బానిసల విముక్తి దినం.

కెనడాలో బానిసత్వం ఉండేదని నాకు ఆ రోజు దాకా తెలియదు. అమెరికా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఆశ్రయమిచ్చిన దేశమనే విన్నాను. ఆ కథ నిజమే గానీ, అంతకు ముందు కథ ఇంకోటుందన్నారు మేడమ్. ఇక్కడా మనుషుల్ని కొన్నారు, అమ్మారు. బ్రిటిష్ సామ్రాజ్యం బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం అమల్లోకి వచ్చింది ఆగస్టు ఒకటిన, 1834లో. కెనడా ప్రభుత్వం ఆ రోజుని గుర్తించింది మాత్రం మొన్న మొన్న, 2021లో. అదీ సెలవేమీ లేకుండా.

"మాకు గూడ ఒకటున్నది, నిజాం రాజ్యం పోయిన రోజు, సెప్టెంబర్ పదిహేడు" అని శ్రీరామ్ నా చెవిలో అన్నాడు. "దాని పేరేం పెట్టాలని ఇంకా కొట్లాడుతనే ఉన్నరు."

తర్వాత మేడమ్ క్లోయీ కూలీ అనే పేరున్న బానిస స్త్రీ సంగతి చెప్పారు. 1793 మార్చిలో, క్వీన్‌స్టన్ అనే ఊళ్ళో, వ్రూమన్ అనే యజమాని తన దగ్గరున్న ఆ నల్లజాతి మనిషిని తాళ్ళతో కట్టి, పడవలో పడేసి, నయాగరా నది దాటించి అవతల అమెరికాలో అమ్మేశాడు. ఆమె పెనుగులాడింది. కేకలు పెట్టింది. పీటర్ మార్టిన్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి ఆయన, చూసిన ఇంకొకర్ని వెంటబెట్టుకుని వెళ్ళి గవర్నరు సభలో చెప్పాడు. వ్రూమన్ మీద కేసు పెట్టారు గానీ నిలబడలేదు. తన ఆస్తిని తాను అమ్ముకున్నాడు, తప్పేముంది అన్నది చట్టం. అయినా ఆ కేకలు ఊరికే పోలేదు. అదే ఏడు గవర్నరు సిమ్కో కొత్త బానిసల్ని తేకూడదని చట్టం చేయించాడు. ఉన్నవాళ్ళని మాత్రం అలాగే ఉంచాడు. క్లోయీ ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో జరగని విచారణ మనం గురువారం జరుపుదాం అన్నారు మేడమ్. చీటీలు వేశారు. శ్రీరామ్‌కి పీటర్ మార్టిన్ తరఫున వాదించడం వచ్చింది. నాకు వ్రూమన్ వచ్చాడు.

క్లోయీ కూలీగా ఎవరుంటారని నేనే అడిగాను.

"ఆ పాత్ర లేదు. ఆనాటి లెక్క ప్రకారం ఆమెని ఎవరూ ఏమీ అడగరు" అన్నారు మేడమ్.

లారెన్స్ ఈస్ట్ బస్సులో ఇంటికి వస్తుంటే ఆ మాటే బుర్రలో తిరిగింది. క్వీన్‌స్టన్ ఎక్కడో కాదు. నయాగరా జలపాతం చూపించడానికి బాబాయి ప్రతి చుట్టాన్నీ కారులో తీసుకెళ్ళే దారికి పక్కనే. నది ఒడ్డున పులిహోర తిన్నాం, ఫోటోలు దిగాం. ఏ కేకా వినపడలేదు.

వచ్చే సోమవారం సెలవు ఎందుకో తెలుసా అని బస్సులో పక్కనున్న ఆవిడని అడిగాను. ఎండ కోసం అందావిడ నవ్వుతూ. దిగాక ఇండియన్ కొట్టతన్ని అడిగితే, మామిడిపళ్ళ పెట్టె మీద తగ్గింపు ఉందన్నాడు. ఫోన్లో వెతికితే, ఆ సెలవుకి ఊరికో పేరుంది. టొరంటోలో దానికి సిమ్కో పేరే పెట్టారు. చట్టం చేయించినాయనకి ఓ సోమవారం దొరికింది. కేకలు పెట్టినావిడ గురించి మా బస్సులో ఎవరూ ఏమీ వినలేదు. నాకు కోపం రాలేదు గానీ, ఇంకా తెలుసుకోవాలనిపించింది.

*

వ్రూమన్ తరఫున ఏం వాదించాలో నాకు తోచలేదు. మనిషిని తాళ్ళతో కట్టినవాణ్ణి ఏమని సమర్థిస్తాం?

బుధవారం సాయంత్రం పిన్ని బీరకాయలు చెక్కు తీస్తోంది. సరోజన పక్క గదిలో మామ్మగారి కాళ్ళకి నూనె రాస్తోంది. పిన్ని నాతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడింది గానీ, గొంతు మాత్రం పక్క గదికి సరిపోయేంత పెంచింది.

"మేం తిన్నదే పెట్టాం. మేం కట్టిందే కట్టించాం. దాన్ని పనిమనిషి అని నా నోటితో ఒక్కసారన్నా అన్నానేమో చెప్పమను. ఇంట్లో మనిషే అనుకున్నాం."

అవునన్నాను.

"పాస్‌పోర్టు నేను లాక్కున్నానా? గుమ్మంలో చెప్పులన్నా విప్పకముందే తనంతట తనే తీసి నా చేతిలో పెట్టింది. దేవుడి దగ్గర పెట్టాను. పోగొట్టానా, పారేశానా? ఆ కాల్గరీలో దానికెవరు తెలుసు? భాష రాదు, చలి తెలీదు. వెళ్ళి ఏం బావుకుంటుంది? దాని మంచికే కదా నేను ఆలోచిస్తున్నది?"

నేను బీరకాయ ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు కావలసింది మొత్తం దొరికింది. తిండి పెట్టాం. ఇంట్లో మనిషిలా చూశాం. తనంతట తనే ఇచ్చింది. బయట ఎలా బతుకుతుంది? వ్రూమన్ బతికుంటే ఇంతకన్నా బాగా చెప్పలేడు.

గురువారం ఆ నాలుగు మాటలూ ఇంగ్లీషులో పెట్టి వాదించాను. గొంతు పెంచలేదు. వ్రూమన్ క్రూరుడు కాదన్నాను. తన ఇంటి బాధ్యత మోస్తున్న మనిషన్నాను. ఆమెకి ఇన్నాళ్ళూ కూడూ గుడ్డా ఇచ్చింది ఎవరని అడిగాను. పాపం శ్రీరామ్ కేకల గురించి, తాళ్ళ గురించి ఆవేశంగా చెప్పాడు. జ్యూరీగా కూర్చున్న క్లాసు తల ఊపింది. చేతులెత్తమంటే మాత్రం ఎక్కువ చేతులు నాకే లేచాయి.

గెలిచానన్న సంతోషం రెండు నిమిషాలుంది. ఆ తర్వాత ఆ మాటలు ఎవరివో గుర్తొచ్చింది.

మేడమ్ నన్ను ఆపి, ఇంత మెత్తటి వాదన ఎక్కడ దొరికిందని అడిగారు. ఇంట్లో అన్నాను. ఆవిడ నవ్వలేదు. రెండు సంగతులు చెప్పారు. అవతలి మనిషిని తప్పు చేశావని నిలదీస్తే చెవులు మూసుకుంటుంది, కాబట్టి పరువు పోకుండా ఒప్పుకునే దారి నువ్వే చూపించాలి. రెండోది, జవాబు తెలియని ప్రశ్న కోర్టులో ఎప్పుడూ అడగకు.

*

శనివారం పిన్ని నన్ను మేడ మీదికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వు బాగా వాదిస్తావట కదా. దానికి కాస్త నచ్చజెప్పవే. కనీసం చలికాలం వెళ్ళేదాకా ఉండమను."

"నువ్వే చెప్పొచ్చు కదా పిన్నీ."

"నేను చెబితే బతిమాలినట్టుంటుంది." పిన్ని దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచింది. "అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనూ అత్తగారూ..."

ఆ మాట అక్కడే వదిలేసి కిందికి దిగిపోయింది. పిన్నికి కావలసింది పనిమనిషి కాదేమో అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

సరోజన బేస్‌మెంట్‌లో బట్టలు మడత పెడుతోంది. అమలాపురం దగ్గర పల్లెటూరు ఆమెది. నలభై దాటాయి. మామ్మగారికి తుంటి ఎముక విరిగినప్పుడు కేర్‌గివర్‌గా వచ్చింది. అంతకు ముందు కువైట్‌లో ఓ షేకు ఇంట్లో చేసింది. నేనూ ఓ చివర పట్టుకుని దుప్పటి మడిచాను. నచ్చజెప్పడానికి వచ్చి, నా జబ్బు కొద్దీ ఇంకేదో అడిగాను.

"సరోజనక్కా, అసలు పాస్‌పోర్టు ఎందుకిచ్చావు? వాళ్ళు అడగలేదట కదా."

"అడగలేదమ్మా. కువైట్లో దిగీదిగగానే తీసేసుకుంటారు. అదే పద్ధతనుకున్నాను. ఇక్కడ ఈవిడగారు అడగకుండా టీ ఇచ్చారు. ఇంత మంచోళ్ళు అడగడానికి మొహమాటపడతన్నారేమో అనుకుని నేనే తీసిచ్చేశాను."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్కడ అలవాటైన మెడ ఇక్కడ తనంతట తనే వంగింది. పిన్ని దాన్ని గౌరవమనుకుని కుంకుమబొట్టు పెట్టింది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అయినా పాస్‌పోర్టు మాత్రం తాళం వెనక ఉంది.

"ఇవ్వకపోతే ఏం చేస్తావు?"

"ఏం చేత్తానమ్మా. ఇయ్యనని ఎవరూ అనట్లేదు కదా." దుప్పటి నా చేతిలోంచి తీసుకుంది. "మంగళారం దాటిపోతే ఆ పని ఇంకోళ్ళకి ఇచ్చేత్తారంట."

*

సోమవారం సెలవు. బాబాయి పెరట్లో గ్రిల్లు వెలిగించి మొక్కజొన్న కండెలు కాలుస్తున్నాడు. ఇంట్లో ఏం జరుగుతున్నా పొగ వెనకాల నిలబడితే చాలనుకున్నాడు కాబోలు. హాల్లో మామ్మగారు సీరియల్ చూస్తున్నారు. పిన్ని వంటింట్లో ఉంది. సరోజన ఉతికిన బట్టల బుట్టతో మెట్లెక్కి వచ్చింది. ఆమె పెట్టె అప్పటికే సర్ది మామ్మగారి మంచం కింద ఉంది.

నేను వాదన బాగానే తయారు చేసుకున్నాను. ముందు చిన్నది అడిగాను.

"మామ్మగారూ, నా పాస్‌పోర్టు కావాలి. తాళంచెవి ఇస్తారా?"

ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే మొలలోంచి తీసి ఇచ్చారు. వంటింట్లోంచి పిన్ని, నాది అడుగున ఉంటుంది చూడమని చెప్పింది కూడా. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంటావిడ చెప్పాలనీ అనలేదు.

అలమర తెరిస్తే హారతికర్పూరం వాసన గుప్పుమంది. ఎర్రగుడ్డ విప్పి నాది తీసుకున్నాను. దాన్ని ఆనుకునే సరోజనది ఉంది. అదీ తీశాను.

"సరోజనక్కది కూడా తీస్తున్నాను" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

"అది అక్కడ పెట్టు" అన్నారు మామ్మగారు.

పిన్ని గరిటతో గుమ్మంలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ అడ్డం పిన్నే అనుకున్నాను. ఆ మొహం చూస్తే, ఆమె కూడా నాలాగే మామ్మగారు ఏమంటారోనని కాచుకుని ఉంది.

ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు దాచుకోవడం ఈ దేశంలో నేరమన్నాను. అంటుండగానే తప్పు చేశానని తెలిసింది. ఆవిడ మొహం తలుపేసినట్టు మూసుకుపోయింది.

"అయితే పోలీసుల్ని పిలు."

"అది కాదు మామ్మగారూ..."

"నాకు ఎనభై దాటాయి. స్నానాలగదిలో నన్ను పట్టుకునేది అది. నా ఒళ్ళు చూసింది అది. రేపు ఎవరో ఏజెన్సీ నుంచి వస్తే, ఆ కొత్త మనిషి ముందు నేను చీర విప్పాలా? నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు."

నిజంగా జాలేసింది. క్లాసులో ఎంత గొప్పగా వాదించినా, ఇలాంటి మాట ఎదురైతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అందరూ మాట్లాడేశారు. పిన్ని చెప్పింది, మామ్మగారు చెప్పారు, వ్రూమన్ తరఫున నేను చెప్పాను. అప్పుడు కంటపడింది బుట్ట పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడిపోయిన సరోజన. ఆమె గురించే ఇన్ని రోజులూ ఇల్లు మూగబోయింది. అసలు సంగతి ఆమెని ఎవరూ అడగలేదు. బేస్‌మెంట్‌లో అన్ని ప్రశ్నలు వేసిన నేను కూడా అడగలేదు.

జవాబు తెలియని ప్రశ్న అడగకన్నారు మేడమ్. నాకు నిజంగానే జవాబు తెలియదు.

"సరోజనక్కా, నువ్వెందుకు వెళ్తున్నావు?"

సరోజన బుట్ట కింద పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది, తడి లేకపోయినా.

"అక్కడ నాకో గది ఇత్తారండి. పనయ్యాక లోపల గడేసుకోవచ్చంట."

ఆమె మామ్మగారి వైపు చూస్తూనే చెప్పింది.

"మీరంతా మంచోళ్ళేనండి. నాకేం తక్కువ చెయ్యలేదు. కువైట్లో వంటింట్లో పడుకునేదాన్నండి. ఇక్కడ మీ మంచం పక్కన. తలుపు గడేసుకుని పడుకుని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదండి. అదొక్కటేనండి."

"గడియే కావాలంటే ఇక్కడ పెట్టిద్దుం కదే" అన్నారు మామ్మగారు.

"మీ గదికాండీ?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. పిన్ని వెళ్ళి దాన్ని కట్టేసింది.

మామ్మగారు నా వైపు చేయి చాచారు. ఇవ్వాలా వద్దా అని తటపటాయించాను. ఇచ్చాను. ఆవిడ పాస్‌పోర్టు తెరిచి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఫోటో చూశారు. అట్ట మీద ఆరిపోయిన కుంకుమబొట్టుని పమిటచెంగుతో తుడిచారు. గట్టిగా, రెండు మూడు సార్లు.

"ఇందులో మరీ బక్కగా ఉన్నావే" అని, సరోజన చేతిలో పెట్టారు. "ఇవాళ సెలవట కదా. అలా బయటికెళ్ళి రా."

సరోజన దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"మీ స్నానం వేళయిందండి."

"అది నేను చూసుకుంటాలే. వెళ్ళు."

సరోజన చెప్పులు వేసుకుంది. వీధి తలుపు తీసి, చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్ళింది. ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పుడు వచ్చేదీ చెప్పకుండా ఆ గుమ్మం దాటడం నేను మొదటిసారి చూశాను. కిటికీలోంచి చూస్తే, వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఏ వైపు తిరగాలో తెలియనట్టు కాసేపు నిలబడి, సముద్రమంత సరస్సు వైపు వెళ్ళే దారి పట్టింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గెలిచింది నేను కాదు, ఆమె చెప్పిన ఒక్క మాట.

వెనక్కి తిరిగేసరికి మామ్మగారు చేతికర్ర ఊతంగా సోఫాలోంచి లేవడానికి ప్రయత్నిస్తున్నారు. బాబాయి పెరటి తలుపు దగ్గర మొక్కజొన్న కండెతో నిలబడిపోయాడు. నేను సాయం చేయబోతే ఆవిడ వద్దని తల ఊపారు. ఆవిడ చూపు నన్ను దాటి వెళ్ళింది.

"కమలా" అన్నారు. ఆ పేరు ఆవిడ నోట నేను అంతవరకూ వినలేదు. "నీళ్ళు తోడు."

పిన్ని కదల్లేదు. అత్తగారి వైపు చూడబోయి, సగంలో ఆగి, నా వైపు తిరిగింది.

"ఏమన్నారు?" అని నన్ను అడిగింది.

ఆ టపా ఇక మోయకుండా, నేను ఇద్దరి మధ్య నుంచీ పక్కకి తప్పుకున్నాను.